మొక్కు జుట్టు మీద కొన్న హెల్మెట్

పురుషోత్తమ్‌ను మొదటిసారి చూసినవాళ్ల కళ్లు అతని జుట్టు మీదే ఆగేవి. ఒత్తుగా, ఉంగరాలు తిరిగి, చెవులను కప్పేసి మెడ మీదికి దిగిన జుట్టు. నూనె పెట్టి ఎంత దువ్వినా అణిగేది కాదు. మాలూరు ఫ్యాక్టరీలో అతనితో పనిచేసేవాళ్లు, "ఏమప్పా పొదా, నీ తలకాయలో కుందేళ్లు ఏమన్నా దొరుకుతాయా?" అని ఆటపట్టించేవారట. ఆ మాట తనే ఇంటికొచ్చి మాకు చెప్పి నవ్వేవాడు.

అది మొక్కు జుట్టు. అతని కూతురు లిఖితకు చిన్నప్పటినుంచీ జ్వరం వచ్చినప్పుడల్లా ఫిట్స్ వచ్చేవి. ఒకసారి మరీ ఎక్కువై ఆస్పత్రిలో పెట్టినప్పుడు అతని తల్లి చెన్నమ్మ, బిడ్డకు ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా ఫిట్స్ రాకుంటే కొడుకు తలనీలాలు ఇస్తానని తిరుపతి వెంకటరమణస్వామికి మొక్కుకుంది. మొక్కిన రోజునుంచి తీర్చే రోజుదాకా ఆ తల మీద కత్తెర పడకూడదు. పురుషోత్తమ్‌కు మొక్కుల మీద ఎంత నమ్మకముందో నాకు తెలియదు. కూతురి విషయంలో మాత్రం ఏ ఒక్కదాన్నీ వదిలిపెట్టే ధైర్యం అతనికి లేదు. మందు సమయానికి పట్టేవాడు, థర్మామీటరు జేబులో పెట్టుకుని తిరిగేవాడు, జుట్టూ పెంచేవాడు. నాకూ అదే వయసు కూతురు ఉంది కాబట్టి, కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటున్నా సరే, అతన్ని చూసి నాకు నవ్వు రాలేదు.

మా ఇల్లు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో. మా నాన్న జగన్నాథ, గనుల ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో కట్టించింది. దాని వెనుక భాగంలో పురుషోత్తమ్, అతని భార్య శశికళ, లిఖిత అద్దెకు ఉండేవారు. అతనిది ఆవని దగ్గర పల్లె. రాగి చేలు, పట్టుపురుగులు, కొంచెం మామిడితోట ఉన్న కుటుంబం. బోర్లు ఎండిపోయాక మల్బరీ పోయింది, పురుగులూ పోయాయి. అతను కేజీఎఫ్‌లో ఐటీఐ చదివేనాటికి గనులు మూతపడి చాలాకాలమైంది. ఫిట్టర్ పని నేర్పిన ఊళ్లో ఫిట్టర్‌కు పని లేదు. మాలూరులో వాహనాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ప్రెస్ మెషిన్ మీద పని దొరికింది. లిఖిత డాక్టరు, బడి ఇక్కడే కాబట్టి కాపురం ఇక్కడ పెట్టి, రోజూ బంగారపేట, టేకల్ మీదుగా బండి మీద పోయి వచ్చేవాడు. మా రైళ్లు బెంగళూరు ఆఫీసుల వేళకు నడుస్తాయి. ఫ్యాక్టరీ పొద్దున షిఫ్టుకు అందవు.

మొదట్లో అతని నెత్తి మీద ఉండేది రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి కుప్పపోసి అమ్మే ప్లాస్టిక్ టోపీ. గట్టిగా నొక్కితే లోపలికి పోతుంది. పోలీసు కంటికి అది హెల్మెట్. ఈ జిల్లాలో సగంమంది తలల మీద ఉండేది అదే.

పక్క మెషిన్ మీద పనిచేసే ఎల్లప్ప చనిపోయాక అతను ఆ టోపీ వేసుకోలేకపోయాడు. టేకల్ దాటాక ఒక మలుపులో ఆవు అడ్డం వచ్చి ఎల్లప్ప పడ్డాడు. అలాంటి టోపీయే, రెండు ముక్కలైంది. వెనకాలే వస్తున్న పురుషోత్తమ్ బండి ఆపి, ముందు ఆ ముక్కల్ని చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. ఆ సాయంత్రం మా ఇంటి మెట్ల మీద కూర్చుని తన టోపీని వేలితో నొక్కి నొక్కి చూశాడు. తర్వాత అన్నాడు:

"అక్కా, నువ్వు సైన్స్ చెప్తావు గదా. తలకాయను కాపాడే హెల్మెట్ ఏదో చెప్పు. పోలీసోని నుంచి కాపాడేది నా దగ్గర ఉండాది."

నాకు తెలిసింది చెప్పాను. పైన గట్టి పెంకు దెబ్బను ఒకచోట నిలవనీకుండా పంచుతుంది. లోపల థర్మోకోల్ లాంటి పొర నలుగుతుంది. అది నలిగే ఆ కొంచెం సేపే మెదడుకు దొరికే సాయం. ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. ఐఎస్ఐ గుర్తు చూడు, గడ్డం దాకా మూసే రకం తీసుకో. అన్నిటికంటే ముఖ్యం, అది తలకు సరిపోవాలి. తలను వదిలి పోయే హెల్మెట్ ఎంత మంచిదైనా ఇంట్లో మరిచిపోయిన గొడుగుతో సమానం.

"సరిపోయిందని ఎట్ల తెలుస్తాది?"

"దవడల్ని పట్టుకోవాలి. బెల్టు బిగించుకుని తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ నీతోబాటే తిరగాలి. తర్వాత శశికళను వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగమను. ఊడి రాకూడదు."

ఆదివారం ముగ్గురూ అంగడికి పోయారు. అక్కడ జరిగింది తర్వాత శశికళ అభినయించి మరీ చెప్పింది. అతను ఒక్కొక్కటీ వేసుకోవడం, తల ఊపడం, లాగమనడం, తీసి లోపల వేలితో నొక్కి చూడడం. అంగడాయనకు ఓపిక పోయింది.

"పెండ్లికి పిల్లను చూసేకి వచ్చినట్ల చూస్తా ఉండావే సామీ. ఏదో ఒకటి ఒప్పుకో."

"పిల్ల కుదరకుంటే పుట్టింటికి పంపొచ్చన్నా. ఇది కుదరకుంటే నేనే పోవల్ల."

"ఓహో, పంపుతావా? యాడికి పంపుతావో చెప్పు, నేను గూడా వింటాను," అని శశికళ అక్కడే అతని వీపు మీద ఒకటి వేసిందట.

అతని జుట్టుకు మధ్యరకం సైజు దిగనే లేదు. "ఇంత అడివికి పెద్దదే పట్టల్ల," అని అంగడాయన పెద్ద సైజు తీశాడు. అది కూడా బిగుతుగానే దిగింది. బిగుతుగా ఉండడమే మంచిదని చెప్పాను కదా, అదే కొన్నాడు. నల్లది. రాత్రిపూట మెరిసే తెల్ల పట్టీ వెనుక అంటించుకున్నాడు.

ఇంటికొచ్చాక పెరట్లో మా అందరికీ పరీక్ష చేసి చూపించాడు. తల ఊపాడు. లిఖిత, మా అమ్మాయి అనఘ ఇద్దరూ వెనక అంచు పట్టుకుని వేలాడారు. కదల్లేదు. "మాట్లాడనీదు అక్కా ఇది, దవడలు పట్టేసింది," అన్నాడు లోపలినుంచి. "అయితే మంచిదే కొన్నాం," అంది శశికళ.

మంచిదే కొన్నారు. ఆ మాటలో ఇప్పటికీ తప్పు లేదు.

శ్రావణమాసం వచ్చేసరికి ఏడాది గడువు దాటింది. లిఖితకు ఒక్క ఫిట్ కూడా రాలేదు. డాక్టరు మందు తగ్గించాడు. చెన్నమ్మ పల్లె నుంచి వచ్చి కూర్చుంది. మొక్కు తీర్చాలి. ఆమె మనసులో ఉన్నది పెద్ద తిరుపతి. కాని ఫ్యాక్టరీలో అతనికి సెలవు దొరకలేదు. ఆ నెలలో రాత్రీ పగలూ పని నడుస్తోంది. మాలూరు దగ్గరే చిక్కతిరుపతి, అంటే చిన్న తిరుపతి, ఉంది కదా, శ్రావణ శనివారం అక్కడే ఇద్దామని శశికళ అంది.

"మొక్కింది పెద్దాయనకు," అంది చెన్నమ్మ.

"ఆయనా ఈయనా ఒకరే గదా అత్తా. యాడ ఇచ్చినా చేరేది ఆయనకే."

"నువ్వు బాగా చదువుకున్నావులే," అని చెన్నమ్మ ముఖం తిప్పుకుంది. కాని బయలుదేరింది.

శనివారం పొద్దుపోయేముందు తిరిగొచ్చారు. పురుషోత్తమ్ తల నున్నగా, గంధం పూసి పచ్చగా ఉంది. జుట్టు పోయేసరికి ముఖమే మారిపోయింది. చెవులు పెద్దవిగా, మెడ సన్నగా, తల ఇంత చిన్నదా అనిపించేలా ఉంది. లిఖిత దారిపొడుగునా తండ్రి ఒళ్లోకి పోలేదట. "మా నాయన కాదు" అని ఏడ్చిందట. దాన్ని నవ్వించడానికి అతను గోడకు తగిలించిన హెల్మెట్ తీసి పెట్టుకుని, బెల్టు బిగించుకుని, "ఇప్పుడు మీ నాయనేనా?" అని తల అటూ ఇటూ తిప్పాడు.

ముఖం తిరిగింది, హెల్మెట్ తిరగలేదు. అద్దం నేరుగా చూస్తోంది, లోపల అతని ముక్కు పక్కకు పోయి చెంప మెత్తకు ఆనుకుంది. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. ఇంకోసారి, ఇంకోసారి అన్నారు.

నేను లేచి వెనక్కి పోయి అంచు పట్టుకుని పైకి లాగాను. బెల్టు గడ్డం కింద బిగించి ఉండగానే హెల్మెట్ నా చేతిలోకి వచ్చేసింది.

పెరట్లో నవ్వులు ఆగిపోయాయి. ఏడాది పైగా రోజూ ఆ జుట్టును చూస్తూ వచ్చిన మనుషులం. హెల్మెట్ పట్టుకున్నది తలను కాదు, ఆ జుట్టునని ఇప్పుడే అర్థమైంది. మొక్కు జుట్టు ఒకనాడు పోతుందని అందరికీ తెలుసు. పోవాలనే దాన్ని పెంచింది.

పురుషోత్తమ్ వెంటనే అంగడికి ఫోన్ చేశాడు. అదే హెల్మెట్‌కు మందం మెత్తలు దొరుకుతాయి, బెంగళూరు నుంచి తెప్పించాలి, వచ్చే ఆదివారానికి వస్తాయన్నారు. నేను చిన్న సైజు ఇంకొకటి కొనమన్నాను.

"జుట్టు మళ్లా పెరుగుతాది గదక్కా. నెలా రెండు నెలలకు ఆ చిన్నది పట్టదు. మెత్తలైతే తీసేయొచ్చు."

అతను చెప్పింది తప్పు కాదు. ఆ ఒక్క వారం గడిస్తే చాలు.

"అయితే వారం రోజులు బస్సులో పో."

"పోతాను," అన్నాడు.

సోమవారం బస్సులోనే పోయాడు. బంగారపేటలో రెండో బస్సు దొరకలేదు. షిఫ్టు మొదలయ్యాక చేరాడు. సూపర్‌వైజరు అందరి ముందర, "గుండు కొట్టించుకున్నంత మాత్రాన సన్యాసి అయిపోయినావా? టైం లేదా నీకు?" అని, సగం పూట బయట నిలబెట్టి లోపలికి పంపాడట. రేపూ ఇలాగే అయితే ఆ మెషిన్ మీద ఇంకొకరిని పెడతానన్నాడట. పురుషోత్తమ్ ఈ మాటలు చెబుతున్నప్పుడు నవ్వలేదు.

మంగళవారం పొద్దున బండి తీశాడు. శశికళ అతని తలకు తువ్వాలు చుట్టి, దాని మీద హెల్మెట్ పెడుతోంది. నేను అనఘకు పాలు కలుపుతున్నదాన్ని, అది వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తాను.

"గుడ్డ వద్దు. అది నున్నటి తల మీద జారుతుంది. జారితే రెండూ కలిసి పోతాయి."

"మరి వదులుగా ఉంటే మేలా అక్కా?" అంది శశికళ.

 మా ఆయన అనంత్ వాడే హెల్మెట్ తెచ్చి పెట్టి చూశాం. అది ఇంకా వదులు. పాత టోపీని ఎల్లప్ప పోయిన మర్నాడే అతను కాలితో తొక్కి పారేశాడు.

పురుషోత్తమ్ తువ్వాలు తీసి భుజాన వేసుకుని, బెల్టును ఆఖరి దాకా లాగి బిగించుకున్నాడు. "మెల్లగా పోతాను. ఆదివారం దాకా అంతే గదక్కా. నువ్వు నాకంటే ఎక్కువ బయపడతా ఉండావు."

ఆ సాయంత్రం అతని బండి శబ్దం వినిపించేదాకా నేను పిల్లల హోంవర్క్ చూస్తున్నట్టు నటిస్తూ కిటికీ దగ్గరే కూర్చున్నాను. వచ్చాడు. బుధవారం కూడా వచ్చాడు. గేటు తెరుస్తూ, "చూడక్కా, తలకాయ ఉండాది," అని హెల్మెట్ తీసి గుండు చూపించాడు. ఆ మాటకు శశికళ చేత్తో అతని నోరు మూసింది. "అట్ల అనొద్దు."

గురువారం టేకల్ అవతల ఇటుకల లారీ అతని ముందు పోతోంది. అక్కడ బట్టీలు ఎక్కువ, లారీలు నిండుగా పోసుకుని పైన గుడ్డ కూడా కప్పకుండా పోతాయి. ఒక గుంతలో లారీ ఎగిరింది. ఇటుకలు రాలాయి. పురుషోత్తమ్ బ్రేకు వేశాడు. ఇటుక పొడి మీద బండి జారింది.

వెనకాల వస్తున్న సరుకు ఆటో డ్రైవరు అతన్ని ఎత్తుకుని మాలూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. తర్వాత శశికళకు చెప్పింది అతనే. "హెల్మెట్ ముందే ఎగిరిపోయిందమ్మా. మనిషి తరువాత పడినాడు." రోడ్డు పక్క గడ్డిలో దొరికిన హెల్మెట్‌ను కూడా అతను మరిచిపోకుండా తెచ్చి ఇచ్చాడు. దాని మీద ఒక్క గీత లేదు. బెల్టు బిగించినట్టే ఉంది. లోపల తువ్వాలు ఉంది. మా వీధి మలుపు తిరిగాక అతను దాన్ని మళ్లీ చుట్టుకునేవాడన్నమాట. వదులుగా ఆడుతున్న హెల్మెట్‌తో అంతదూరం పోవడం ఎంత భయమో, వేసుకున్నవాడికే తెలియాలి.

మాలూరు నుంచి బెంగళూరుకు పంపారు. ఆపరేషన్‌కు సిద్ధం చేసే నర్సు అతని తల చూసి, "ముందే గొరిగించి తెచ్చినారే, మంచిదయింది," అందట. ఆస్పత్రిలో గడిచిన రోజుల గురించి శశికళ నాకు చెప్పింది ఆ ఒక్క మాటే.

అతను బతికాడు. దసరా దాటాక ఇంటికి తెచ్చారు. నడుస్తాడు, తింటాడు, పేరు అడిగితే చెబుతాడు. దూరం నుంచి చూసినవాళ్లు, బాగున్నాడే అనుకుంటారు. వాసన తెలియదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ నిండినా అతను పక్కనే కూర్చుని ఉన్నాడు. శశికళ వచ్చి ఆర్పింది. పొద్దున జరిగింది సాయంత్రానికి ఉండదు. చిన్న శబ్దానికి కోపం వస్తుంది. గిన్నె చేతిలోంచి జారిందని లిఖితను కొట్టడానికి లేచాడు. ఒకప్పుడు ఆ పిల్ల జ్వరం చూడడానికి జేబులో థర్మామీటరు పెట్టుకు తిరిగిన మనిషి. లిఖిత ఇప్పుడు బడి నుంచి నేరుగా మా ఇంటికి వస్తుంది. చీకటి పడ్డాక, అతను పడుకున్నాడని శశికళ పిలిస్తే పోతుంది.

మెదడు ముందుభాగానికి దెబ్బ తగిలితే ఇవన్నీ వస్తాయని నేను చదివాను. చదివినందువల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

ఫ్యాక్టరీ నుంచి చూడడానికి వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకున్నారు. "అంత చూసి చూసి కొన్నాడు. ఏమైంది? ఎల్లప్పకు టోపీ, వీనికి హెల్మెట్. రాసిపెట్టింది జరుగుతాది." వాళ్లలో ఇద్దరు పోయేటప్పుడు హెల్మెట్లు హ్యాండిల్‌కు తగిలించుకుని, ఉత్త తలలతో పోయారు. నేను గేటు దాకా పోయి, అసలు జరిగింది ఇదీ అని చెప్పాలనుకున్నాను. శశికళ నా చేయి పట్టుకుని ఆపింది. వాకిట్లో చెన్నమ్మ కూర్చుని ఉంది.

చెన్నమ్మ దగ్గర వేరే కారణం ఉంది. ఆమె దాన్ని దాచుకోలేదు. కొడుకును చూడవచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది.

"పెద్దాయనకు మొక్కి ఇంగో చోట ఇస్తే ఊరుకుంటాడా? నేను వద్దంటానే ఉంటిని. ఈమె విన్లేదు. యాడ ఇచ్చినా ఒకటే అనింది. ఇప్పుడు చూడు, ఒకటేనా?"

శశికళ తల వంచుకుని చెట్నీ రుబ్బుతూనో, బట్టలు మడత పెడుతూనో వినేది. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నేనే ఊరుకోలేకపోయాను. ఒకరోజు చెన్నమ్మ పల్లెకు పోయినప్పుడు శశికళను అడిగాను. "నీకు తెలుసు కదా ఎందుకు జరిగిందో. జుట్టు పోయింది, హెల్మెట్ వదులైంది. చిక్కతిరుపతి అయినా, పెద్ద తిరుపతి అయినా గుండు గుండే. ఈ మాట ఆమెకు నేను చెప్తాను."

ఆమె చేతిలో పని ఆపింది. "వద్దక్కా."

"ఎందుకు? నిన్ను రోజూ చంపుతోంది."

"జుట్టు మొక్కింది ఆమె. ఆ జుట్టు తీయించినందువల్లే ఆమె కొడుకు ఇట్ల అయినాడని చెప్తే, ఆమె యాడికి పోతాది? నామీద కోపం చేసుకొని బతుకుతా ఉండాది. బతకనీలే."

"మరి నువ్వు?"

"నాకు టైం లేదక్కా బాధపడేకి," అని మళ్లీ బట్టలు మడత పెట్టసాగింది. ఆమె ఆ నెలలోనే బట్టల ఫ్యాక్టరీలో చేరింది. తెల్లవారకముందే కంపెనీ బస్సు వీధి చివరకు వస్తుంది. పగలు పురుషోత్తమ్‌ను చెన్నమ్మ చూసుకోవాలి. చెన్నమ్మ కోపం తెచ్చుకుని పల్లెకు పోతే ఈ ఇల్లు ఒక్క పూట కూడా నడవదు. అది కూడా శశికళ లెక్కలో ఉండే ఉంటుంది. కాని ఆమె అలా చెప్పలేదు. చెన్నమ్మకు నేను ఏమీ చెప్పలేదు.

సంక్రాంతి దాటాక బండిని అమ్మకానికి పెట్టారు. వంగిన హ్యాండిల్ సరిచేయించి, షెడ్డులో నిలిపారు. కురుడుమలె దగ్గరి నుంచి చిన్నవెంకటప్ప అని ఒకతను వచ్చాడు. పాలు డెయిరీకి చేరవేసే పని, ముప్పై దాటని వయసు, పెద్ద మీసం. బండి చూసుకున్నాడు, బేరం తెగింది, ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. అప్పుడు గోడకు వేలాడుతున్న హెల్మెట్ అతని కంట పడింది.

"ఇదేమక్కా, ఇంత కొత్తగా ఉండాది. బండితోబాటు ఇది గూడా ఇచ్చేయి."

శశికళ దాన్ని తీసి అతని చేతికిచ్చింది. "వేసుకో."

వేసుకున్నాడు.

"బెల్టు పెట్టు. తలకాయ ఆడించు."

ఆడించాడు. హెల్మెట్ కదలకుండా ఉంది, ముఖం లోపల తిరిగింది. శశికళ వెనక్కి పోయి అంచు పట్టి లాగింది. అతని మీసాన్ని రాసుకుంటూ పైకొచ్చేసింది.

"నీకు వదులు. ఇయ్యను."

"అరే! బెల్టు గట్టిగా కట్టుకుంటానులే అక్కా."

"ఆయన గూడా గట్టిగానే కట్టుకొనె."

చిన్నవెంకటప్ప నా వైపు చూశాడు, ఈమెకు ఏమైందన్నట్టు. నేను ఏం చెప్పాలో తేల్చుకోలేక నిలబడ్డాను. ఉత్త తల కంటే వదులు హెల్మెట్ కొంచెమైనా నయం కావచ్చు. ఒక్కోసారి అది ఊడిపోయేలోపు మొదటి దెబ్బ తినొచ్చు. తినకపోవచ్చు. పైగా ఇది ఒకసారి రోడ్డు మీద ఎగిరిపడింది. లోపలి పొర ఎలా ఉందో ఎవరికి తెలుసు. కాలేజీలో అయితే బోర్డు మీద బాణాలు గీసి చెప్పేదాన్ని.

"ఇది వద్దు. కొత్తది కొనుక్కొని రా, తాళంచెవి అప్పుడిస్తాను," అంది శశికళ.

"డబ్బులు తీసుకొని తాళం ఇయ్యకుంటే ఎట్లక్కా?"

"డబ్బులు వాపసు కావల్నా? తీసుకో."

అతను గొణుక్కుంటూ మార్కెట్ వైపు పోయాడు. శశికళ తాళంచెవి పిడికిట్లో పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. వాళ్లాయన వాకిట్లో కుర్చీలో కూర్చుని గోడను చూస్తున్నాడు. అతని జుట్టు మళ్లీ పెరిగింది. ఆపరేషన్ మచ్చ కప్పుకుపోయింది.

"తప్పు చేస్తా ఉండానా అక్కా?" అని అడిగింది మెల్లగా.

"లేదు," అన్నాను. ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

చిన్నవెంకటప్ప ఎక్కువసేపు తీసుకోలేదు. తిరిగొచ్చాడు. నెత్తి మీద రోడ్డు పక్క టోపీ. ఎర్రది, మెరుస్తోంది. దాని మీద పిడికిలితో రెండుసార్లు కొట్టుకుని చూపించాడు. "చాలునా? ఇది వదులు కాదు, చూడు. తలకు సరిగ్గా పట్టింది."

నిజమే. సరిగ్గా పట్టింది. లోపల వేలెడు స్పాంజి తప్ప ఏమీ లేదు, కాని ఊడదు. శశికళ దాన్ని చూసింది. నేను నోరు తెరిచాను. "అది మంచిది కాదప్పా, అంగట్లో..."

"మా పల్లెలో అందరమూ ఇదే వేసుకునేది మేడమ్. ఏమీ కాలేదు. టైం అయిపోతా ఉండాది, పాలకు పోవల్ల."

ఇక ఏమని ఆపుతాం. హెల్మెట్ కొంటే తాళం ఇస్తానంది, అతను కొన్నాడు. డబ్బు శశికళ కొంగులో ముడి వేసి ఉంది. లిఖిత మందుల చీటీ, ఆయన స్కానింగ్ తేదీ ఆ డబ్బు కోసమే కాచుకుని ఉన్నాయి. ఆమె మెట్లు దిగి తాళంచెవి అతని చేతిలో పెట్టింది. ఆ టోపీ బెల్టును తనే పట్టుకుని గడ్డం కింద బిగించింది. అతను సిగ్గుపడి నవ్వాడు.

"మెల్లగా పోప్పా."

"సరేక్కా."

బండి స్టార్టు అయింది. గేటు దాటి, వీధి మలుపులో గేరు మార్చిన శబ్దం వినిపించింది. వాకిట్లో పురుషోత్తమ్ తల ఎత్తాడు. ఏళ్లపాటు రోజూ తను నడిపిన బండి.

"ఎవురిది ఆ బండి?" అన్నాడు.

శశికళ గేటుకు గడియ పెట్టి లోపలికి వచ్చింది.

"ఎవురిదో," అంది. "లోపలికి రా, ఎండ వస్తా ఉండాది."